వీరాపురపు కొంగలు

హిందూపురమునకు సమీపమున, చిలమత్తూరు మండలములో, వీరాపురమను చిన్న గ్రామము కలదు. ఏటేట చలికాలము చివర ఎఱ్ఱకాళ్ళ కొంగలు గుంపులుగా అచ్చటికి వచ్చును. ఊరి నడుమనున్న చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని, వానకాలమున తరలిపోవును.

పురిటికి పుట్టినింటికి వచ్చిన ఆడుబిడ్డలను వలె గ్రామస్థులు వానిని ఆదరింతురు. కొంగలు నిండుగా వచ్చినచో వానలు బాగుగా కురియునని వారి నమ్మకము. గూళ్లున్న చెట్లను నరకరు; వేటగాండ్రను చేరనీయరు; టపాకాయలు కాల్చరు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము కోరునది కూడ ఇదియే. ఇచ్చట ఆ పనిని ఆచారమే చేయించుచున్నది.

అయితే ఆదరమొక్కటియే చాలునా? హిందూపురము మొదలుకొని పెనుకొండ, ధర్మవరము వరకు గల సీమలో వానలు తక్కువ. ఉమ్మడి అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కొంగలకు ముఖ్యాహారము చేపలు. చెరువులెండిన ఏడు గూటిలోని పిల్లలకు మేత దొరకదు. చెట్టు నిలిచియున్నను పిల్ల బ్రతుకదు. గూడు చెట్టుపై నున్నను దాని ప్రాణము చెరువులో నున్నది.

కావున చెట్టును కాచు భారము వీరాపురమునదైనచో, చెరువును కాచు భారము చుట్టుపట్ల గ్రామములన్నిటిదియు, ప్రభుత్వముదియు. పూడిక తీయవలెను; నీరు వచ్చు వాగులను ఆక్రమింపరాదు; చెరువు నిండినప్పుడు చేపపిల్లలను విడువవలెను. చెరువులో నీరు నిలిచినచో కొంగకు మేతయు, రైతు బావికి ఊటయు దొరకును. పక్షికి చేసిన మేలు మనుజునికే తిరిగి వచ్చును.