బురద బరువును ఊరికి చెప్పవలదా?

వాడపల్లి, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల రైతులకు బోరుబావి క్రొత్త గాదు. యంత్రము వచ్చును, ఱాతిని తొలుచును, దుమ్ము మింటి కెగయును; అదృష్ట మున్న నీరు పడును, లేనిచో అప్పు మిగులును. అంతకు మించిన యుపద్రవము లేదు. కృష్ణా మూసీ సంగమమున నున్న మన వాడపల్లి వలెనే, గౌతమీ తీరమున ఆత్రేయపురము మండలములో మఱియొక వాడపల్లి గలదు. ఆ కోనసీమ నేలలో దిగు బోర్ల తీరు వేఱు. అవి వేల మీటర్లు దిగును. వెదకునది నీటిని గాదు, చమురును, సహజవాయువును. ఆ బావులకు ప్రాణరక్షణ యొక బురద.

నీటిలో బంకమట్టియు, ముగ్గురాయి పొడియు కలిపి, పంపులతో గొట్టము ద్వారా అడుగునకు నెట్టుదురు. అది తొలుచు మొనను చల్లబఱచి, ఱాతిపొడిని మోసికొని, గొట్టము వెలుపలి సందులో పైకి వచ్చును. అయినను దాని ముఖ్యకృత్యము వేఱొకటి: నేలపొరలలోని వాయువు పైకి తన్నుకొని రాకుండ తన బరువుతో నణచియుంచుట. లెక్క కఠినము గాదు. పది మీటర్ల నీటి యడుగున చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలో యొత్తిడి యుండును. మూడువేల మీటర్ల యడుగున 300 కిలోలు. నీటికి ఒకటిన్నర రెట్లు బరువైన బురద యైనచో 450. 1.50 ఉండవలసిన సాంద్రత 1.49కి దిగినను ఆ లోతున 3 కిలోలు తగ్గును. పొర యొత్తిడి కంటె బురద యొత్తిడి తగ్గెనా, వాయువు బావిలో చొఱబడును. మితిమీఱెనా, పొర చీలి బురదను మ్రింగును. మ్రింగిన కొలది బావిలో మట్టము దిగును. తుదకు మొదటి యపాయమే సంభవించును.

ఈ బరువును దెలుపు త్రాసును మడ్ బ్యాలెన్స్ అందురు. ఒక కొన మూతగల గిన్నె, రెండవ వైపున అంకెలు గీచిన కమ్మి, దానిపై జరుపదగిన చిన్న బరువు, నడుమ కత్తివాదర వంటి యాధారము, తాపీవాని రసమట్టములోని వంటి బుడగ. ముందుగా మంచినీరు పోసి 1.00 చూపునో లేదో పరీక్షింపవలెను. మూత రంధ్రమునుండి పొర్లిన బురదను తుడువకున్న ఆ బరువును లెక్కలో జేరును. బురదలో చిక్కిన గాలిబుడగలు దానిని తేలికగా జూపును. ఆ మోసమును బాపుటకు ఒత్తిడి పెట్టి తూచు గిన్నె వేఱుగ గలదు. మఱి ఆ బుడగలు పైగాలి గాక, అడుగునుండి వచ్చిన వాయువే యైనచో? అందులకే లోనికి పోవు బురదను, పైకి వచ్చు బురదను మాటిమాటికి, వేర్వేఱుగ తూచవలెను. తూచిన యంకెను సరిగా చదువవలెను గూడ. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో మకాండో బావినుండి బరువైన బురదను తీసి తేలికయగు సముద్రజలమును నింపుచుండిరి. ఒత్తిడి పరీక్ష హెచ్చరించినను దానిని తప్పుగా చదివిరి. పదునొకండ్రు మరణించిరి.

మనకు అంతదూర మేల? అమలాపురము చేరువ పాశర్లపూడిలో 1995 జనవరి 8న ఓ.ఎన్.జి.సి. బావి యొకటి పేలి, 65 దినములు మండినది. ఊళ్లు ఖాళీ యైనవి. దాని నార్పుటకు విదేశ నిపుణులు రావలసివచ్చెను. బావిలో బురద బరువెంత యని నాడు గ్రామస్థుడు అడుగుటకు చట్టమే లేదు. సమాచార హక్కు చట్టము 2005లో వచ్చినది. కాని ముప్పది దినముల గడువులో వచ్చు ప్రత్యుత్తరము, గంటలలో ముదురు ఆపద కేమి యక్కఱకు వచ్చును? చమురు గనులకు 1984లోను, మరల 2017లోను నియమావళులు వెలువడినవి. బావి చెంత పొలము దున్నువాని చేతికి ఆ యంకె యింకను రాలేదు.

సామాన్యునికి ఈ లెక్క లర్థము గావు, వట్టి భయము పుట్టునని యధికారు లనవచ్చును. ఈ మాటను మే మొప్పజాలము. ధవళేశ్వరమున 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది యని కోనసీమలో బడిపిల్లలకును దెలియును. పాలలో లాక్టోమీటరు ముంచి నీళ్లను పట్టుకొను గృహస్థునకు సాంద్రత యననేమో యొకరు బోధింపనక్కఱలేదు. సిమెంటు కార్ఖానాల చెంత కాపురముండు మన వాడపల్లి వారికి, ప్రక్కనున్న యంత్రశాల లెక్కలు తెలియక బ్రదుకుట యెట్టిదో మేము చెప్పవలెనా? పొర యొత్తిడి వ్యాపార రహస్యమని కంపెనీ లందురేని, దానిని దాచుకొనవచ్చును. నిర్ణీతమైన యవధిలో బురద యున్నదా లేదా యనునదే మాకు కావలసినది.

ఇంకొక మాట. బురదకు బరువు నిచ్చు ముగ్గురాయి నీటికంటె నాలుగు రెట్లకు మించి బరువైనది. కడప సీమలో ఓబులవారిపల్లె చెంత మంగంపేటలో ఉన్న నిక్షేపము ప్రపంచమున మిక్కిలి పెద్దవానిలో నొకటి. దేశదేశముల చమురు బావులకు ఆ పొడి ఓడల కెక్కి పోవుచున్నది. ఆ రాతిని త్రవ్వి పంపుటలో నింత ఖ్యాతి గన్న తెలుగువారు, తమ యూరి బావిలో దాని పాలెంతయో అడుగుటకు సంకోచింపనేల?

త్రవ్వకము సాగు ప్రతి బావికిని సమీప పంచాయతీ గోడపై నొక బల్ల నుంచి, పోవు బురద బరువు, వచ్చు బురద బరువు, తూచిన వేళ, ఉండవలసిన యవధిని దాటినదా లేదా యనునది ప్రతిపూట వ్రాయింపవలెను. దాటిన యెడల ఆ క్షణముననే సర్పంచికి ఫోనులో దెలుపవలెను. రానున్న గ్రామసభలలో కోనసీమ వారు ఈ మేరకు తీర్మానములు చేసి కలెక్టరునకును, కంపెనీలకును పంపుదురుగాక.