లేఖకుడి చివరి మాట
గ్రీకు చేతిరాత గ్రంథాల చివర లేఖకుడు తన పేరు, తేదీ, రాయించినవారి పేరు వంటివి చేర్చి రాసే నాలుగు ముక్కలే కొలొఫన్. 835 మే 7న సన్యాసి నికొలాస్ ముగించిన సువార్తల ప్రతి, చిన్నక్షరాల లిపిలో తేదీ ఉన్న గ్రీకు గ్రంథాలన్నిటిలోకీ పాతదని తెలిసింది ఆ ముక్కల వల్లే. 895 నవంబరులో పండితుడు అరెథాస్ కోసం జాన్ అనే లేఖకుడు రాసిన ప్లేటో ప్రతి ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. అందులో ఖర్చు లెక్క కూడా కనిపిస్తుంది: రాత కూలి 13 బంగారు నాణేలు, తోలు పత్రాలకు 8. ఇంకొందరు లేఖకులు ఒడ్డు చేరిన నావికుల్లా సంతోషించారు. తప్పులుంటే మన్నించి, తమ కోసం ప్రార్థించమని పాఠకుణ్ణి వేడుకున్నారు. ప్లేటో మాటను నేటిదాకా మోసుకొచ్చింది ఈ చేతులే. కాబట్టి కొలొఫన్‌ను అనుబంధంలోకి నెట్టకుండా, గ్రంథంలో భాగంగానే అచ్చువేయాలి.