పాపము వేఱు, నేరము వేఱు

దుర్వర్తనుడైన పెద్దమనుష్యుడొకడు న్యాయస్థానమునకు ఈడ్వబడెనని వినగానే సజ్జనుల మనస్సులకు ఒకవిధమగు తృప్తి కలుగుచుండును. ఏ చట్టముక్రింద ఈడ్చిరి, ఆ చట్టమునకును వాడు చేసిన పనికిని సంబంధమెంత, యని విచారించు నోపిక ఆ క్షణమున నెవరికిని ఉండదు. "తగిన శాస్తి జరిగినది" అను నొక్క మాటతో విచారణ, తీర్పు, శిక్ష యన్నియు ఇంటి అరుగుమీదనే ముగిసిపోవును. అమెరికా రాజకీయ నాయకుడు జాన్ ఎడ్వర్డ్సుపై 2011లో ఎన్నికల ధనమును గూర్చిన అభియోగము వచ్చినప్పుడు మాకును అట్టి తృప్తియే కలిగినదని ఒప్పుకొనుచున్నాము. ఆ తృప్తి తప్పని చెప్పుటకే ఈ వ్యాసము. ఆనాటి వాదము నేటికిని తీరలేదు. అది మన గుమ్మమునకు దూరమైనదియు గాదు.

ముందు సంగతి చెప్పవలయును. ఎడ్వర్డ్సు ఉత్తర కరొలైనా రాష్ట్రము పక్షమున 1999 మొదలు 2005 వఱకు సెనేటు సభ్యుడు. 2004లో డెమొక్రాటికు పక్షమువారి ఉపాధ్యక్ష పదవి అభ్యర్థి. 2008 ఎన్నికకై అధ్యక్ష పదవినే ఆశించి దేశమెల్ల తిరిగినవాడు. ధనికుల కొక అమెరికాయు, తక్కినవారి కొక అమెరికాయు ఉన్నవని ఉపన్యసించి పేరు సంపాదించినవాడు. అట్టివాడు, భార్య క్యాన్సరు వ్యాధిపీడితురాలై యుండగా, తన ప్రచారములో పనిచేసిన యొక స్త్రీతో రహస్య సంబంధము పెట్టుకొనెను. ఆమె గర్భవతి కాగా, అనుచరుడొకడు ఆ బిడ్డకు తండ్రిని తానేయని లోకమునకు ప్రకటించెను. ఆమెను, ఆ యనుచరుని కుటుంబమును పత్రికలవారి కంటబడకుండ ఊరూర దాచుటకు ధనము కావలసివచ్చెను.

ఆ ధనము ఇచ్చినవా రిద్దఱు. రేచెల్ మెల్లన్ అను వృద్ధ ధనికురాలు 7,25,000 డాలర్లును, ఫ్రెడ్ బారన్ అను న్యాయవాది 2 లక్షల డాలర్లకు పైగాను ఇచ్చిరి. అప్పటి చట్టము ప్రకారము ఒక వ్యక్తి యొక యభ్యర్థికి ఒక యెన్నికకై ఇయ్యదగినది 2,300 డాలర్లు మాత్రమే. మెల్లన్ చెక్కులు గృహాలంకరణ చేయు స్నేహితు డొకని చేతిమీదుగా పోయినవి. వానిమీద కుర్చీలకనియు, పాతకాలపు బల్లకనియు, పుస్తకాల బీరువాకనియు వ్రాసియుండెను. 2011 జూన్ 3వ తేదీన గ్రాండు జ్యూరీ ఆరు నేరములు మోపెను. అన్నియు రుజువైనచో 30 సంవత్సరముల వఱకు చెఱ. 2012 ఏప్రిలులో గ్రీన్స్‌బరో పట్టణమున విచారణ మొదలయ్యెను. మే 31వ తేదీన జ్యూరీ ఒక నేరము విషయమున నిర్దోషియని చెప్పి, తక్కిన అయిదింటి విషయమున ఏకాభిప్రాయమునకు రాలేకపోయెను. జూన్ నెలలో ప్రభుత్వము అభియోగమును ఉపసంహరించుకొనెను.

ఈ వ్యవహారమున లోకము రెండుగా చీలినది. "భార్యను వంచించినవాడు, ప్రజలను వంచించినవాడు, దొంగ పేర్లతో ధనము పుచ్చుకొన్నవాడు, వాడు చెఱసాలలో నుండవలసినవాడే" యని యొక పక్షము. "అది వాని యింటి గొడవ, స్నేహితులు స్నేహితునికి చేసిన సాయము, అభియోగము రాజకీయ ద్వేషముచే పుట్టినది" యని రెండవ పక్షము. ఈ రెండవవారు, దర్యాప్తు నడపిన సర్కారు న్యాయవాది రిపబ్లికను పక్షపు అధ్యక్షునిచే నియమింపబడినవా డనియు, తరువాత ఆ పక్షమువాడుగనే కాంగ్రెసునకు పోటీచేసి గెలిచినవా డనియు ఎత్తిచూపుదురు. అది నిజమే. కాని అభియోగము వచ్చినది డెమొక్రాటికు అధ్యక్షుని ప్రభుత్వములో ననునదియు నిజమే. కావున ఆ యాక్షేపణతో వాదము తీరదు.

మొదటి పక్షమువారు మనవంటివారు గనుక వారికే ముందు సమాధానము చెప్పెదము. ఎన్నికను ప్రభావితము చేయు నుద్దేశముతో ఇచ్చినది విరాళమని ఆ దేశపు చట్టము. ఒక పురుషుని వ్యభిచారమును కప్పిపుచ్చుటకు ఇచ్చిన సొమ్ము అట్టి విరాళమగునా? ఆ ఖర్చులో భార్యకు తెలియకుండుటకైన దెంత, ఓటరులకు తెలియకుండుటకైన దెంత? ఉద్దేశములలో ఎన్నిక యొకటి యైన చాలునా, అదియే ముఖ్యమై యుండవలయునా? ఎన్నికల ధనమును కనిపెట్టియుండు ఫెడరలు ఎన్నికల కమీషను ఎడ్వర్డ్సు ప్రచారపు లెక్కలను తనిఖీ చేసి యీ సొమ్మును విరాళముగా లెక్కింపలేదు. ఆ కమీషనునకు పూర్వము అధ్యక్షుడై యుండిన స్కాటు థామసు ఇది విరాళము కాదని చెప్పెను. ఆ సాక్ష్యము జ్యూరీ చెవిని పడలేదు. ఎన్నికయే ఏకైకోద్దేశము కానక్కఱలేదని న్యాయాధిపతి జ్యూరీకి బోధించెను. తొమ్మిది దినములు తర్కించియు పండ్రెండుగురు ఏకీభవింపలేదు. చట్టమును నడపినవారికే తేలని యర్థము, ధనము పుచ్చుకొన్ననాడు ఆ మనుష్యునికి తెలిసియుండవలెనని శాసించుట న్యాయమా?

ఇంకొక చిక్కు గలదు. ప్రియురాలిని దాచు ఖర్చు ప్రచారపు ఖర్చే యైనచో, దానిని ప్రచారనిధినుండియే చెల్లింపవచ్చునని అభ్యర్థి వాదింపడా? అనగా ఒక బడిపంతులు తన జీతమునుండి మిగిల్చి నమ్మకముతో పంపిన ఇరువది డాలర్లు ఆ స్త్రీ హోటలు గదికి పోయినను అధర్మము లేదన్నమాట! పాపిని పట్టుకొను నాత్రమున చట్టమును వంచినచో, ఆ వంపులోనుండి వేఱొక పాపి దూరిపోవును. శీలమును ప్రజానాయకునికి ఆభరణముగా నెంచు సంస్కారప్రియులు ఈ మాట మఱువరాదు. శీలమును గూర్చి తీర్పు చెప్పవలసినది ఓటరు. చట్టము చెప్పవలసినది తనయందు స్పష్టముగా వ్రాసియున్న నేరమును గూర్చి మాత్రమే. నేడు మనకు నచ్చనివానిపై సాగదీసిన చట్టము రేపు మనకు పూజ్యుడైనవానిపైనను సాగును.

ఆ శిక్షోత్సాహమువలన నెవరికి మేలు కలిగినది? భార్య ఎలిజబెత్తు అభియోగమునకు ఆఱు నెలల ముందే, 2010 డిసెంబరులో, కన్నుమూసెను. బ్రతికియుండగా ఇంట దాచుకొన్న ఆమె దుఃఖమును సాక్షులు బహిరంగ న్యాయస్థానములో వర్ణించిరి. మఱునాడు దేశమెల్ల చదువుకొనెను. ఏ యపరాధమును చేయని పసిబిడ్డ పుట్టుక కూడ వాదములో నొక యంశమయ్యెను. స్త్రీల గౌరవమును కాపాడుటకని మొదలైన యుత్సాహము స్త్రీల కన్నీటిని అంగడి సరకు చేసినది.

ఇక "ఇంటి గొడవ" యనువారి సంగతి. 2007లో ఎడ్వర్డ్సు 400 డాలర్లిచ్చి క్షౌరము చేయించుకొన్నాడని పత్రికలు పరిహసించినప్పుడు మెల్లన్ వ్రాసిన లేఖ అభియోగపత్రములో నున్నది. ప్రచారమునకు అవసరమగు నిట్టి ఖర్చుల బిల్లులను ఇకమీద తనకు పంపుడనియు, ప్రభుత్వపు కట్టుబాట్లు లేకుండ మిత్రునికి తోడ్పడుటకు ఇదియొక మార్గమనియు దాని సారాంశము. ఇది కేవల స్నేహమా? దీపావళికి అధికారి భార్యకు వెండిపళ్లెము పంపిన గుత్తేదారు ఆమెమీది వాత్సల్యముచేతనే పంపెనని మన యిండ్లలో చిన్నపిల్లలైన నమ్ముదురా? అభ్యర్థి యింటి ఖర్చులకు హద్దు లేకుండ ఎవరైనను ఇయ్యవచ్చుననినచో, ప్రచారమునకు పెట్టిన 2,300 డాలర్ల హద్దు పెరటి తలుపు తీసిపెట్టి వీథి తలుపునకు వేసిన గడియ వంటిది.

కావున ఇరుపక్షములవారును సగము సత్యమే పలుకుచున్నారు. ఇరువురును విడిచిన సగ మేది? 2010 జనవరిలో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము సిటిజన్స్ యునైటెడ్ వ్యాజ్యమున, అభ్యర్థితో సంబంధము లేకుండ స్వతంత్రముగా ఎన్నికలకై వ్యయము చేయుటకు వ్యాపారసంస్థలకు హద్దు లేదని తీర్పు చెప్పెను. ఆ తరువాత హద్దులేని విరాళములు పుచ్చుకొను సంఘములు పుట్టుకొనివచ్చెను. ఎడ్వర్డ్సు విచారణ జరిగిన 2012లోనే జూదగృహముల యజమాని షెల్డన్ ఆడెల్సన్ కుటుంబము అట్టి సంఘములకు 9 కోట్ల డాలర్లకు మించి యిచ్చెను. అది పూర్తిగా చట్టసమ్మతము. ఇచ్చినవారి పేర్లు వెల్లడింప నక్కఱలేని సంస్థలద్వారా వచ్చిన ధనమును ప్రవహించెను, అదియు చట్టసమ్మతమే. 9 లక్షలకు పైబడిన సొమ్మునకై మూడు పదుల యేండ్ల చెఱ చూపిన దేశము 9 కోట్లకు తలవంచి నమస్కరించినది. పడకటింటి కథ దొరికిన చోట పత్రికలు గుమిగూడెను. ధనము రాజ్యమునే కొనుచున్న చోట కథ రుచింపలేదు కాబోలు.

2018లో డొనాల్డు ట్రంపు న్యాయవాది మైకేలు కోహెను, ఇద్దఱు స్త్రీల నోరు మూయించుటకైన చెల్లింపుల విషయమున ఎన్నికల ధన చట్టము నుల్లంఘించితినని ఒప్పుకొన్నప్పుడు పెక్కండ్రు తమ స్థానములు మార్చుకొనిరి. ఎడ్వర్డ్సు నాడు ఇంటి గొడవ యైనది ఇప్పుడు మహాపరాధమయ్యెను. నాటి మహాపరాధము ఇంటి గొడవయ్యెను. న్యాయము మనుష్యునిబట్టి మాఱునప్పుడు దానికి న్యాయమను పేరు తగదు.

మనము దూరమున నిలిచి నవ్వుటకు వీలులేదు. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో లోకసభ అభ్యర్థి 95 లక్షల రూపాయలకు, శాసనసభ అభ్యర్థి 40 లక్షలకు మించి వ్యయము చేయరాదని 2022లో హద్దు పెట్టిరి. పక్షముల వ్యయమునకు హద్దే లేదు. అభ్యర్థికొఱకు పక్షము చేసిన వ్యయమును వాని లెక్కలోనే చేర్చవలెనని సర్వోన్నత న్యాయస్థానము 1974లో చెప్పగా, ఆ సంవత్సరమే చట్టమును సవరించి ఆ తీర్పును నిష్ఫలము చేసిరి. 2018 మొదలు అమ్మిన ఎన్నికల బాండ్లలో దాత పేరు ప్రజలకు తెలియకుండెను. 2024 ఫిబ్రవరి 15వ తేదీన ఆ న్యాయస్థానమే వానిని రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసెను. ఓటరునకు తెలిసికొను హక్కు కలదని ఆ తీర్పు.

ఆ హక్కే మా వాదమునకు ప్రాణము. ఎడ్వర్డ్సు వ్యవహారమున ఓటరులకు జరిగిన నిజమైన యపచారము మఱుగు. అభ్యర్థియై యున్నంతకాలము వానికిగాని, వాని యింటివారికిగాని, వాని అనుచరులకుగాని బంధువులు కానివారు ఇచ్చిన ప్రతి పెద్ద మొత్తమును, ఏ పేరున ఇచ్చినను సరే, ఎన్నికకు ముందే ప్రకటించి తీరవలెనని స్పష్టమైన మాటలతో చట్టము చేయుడు. దాచినవానిని దాచినందుకు శిక్షింపుడు. అప్పుడు ఉద్దేశములను త్రవ్వుటకు మృతురాలి కన్నీటిని సాక్ష్యమునకు పిలువ నక్కఱలేదు. ఆ యిచ్చినదేదో, ఏల ఇచ్చిరో, ప్రజలే తేల్చుకొందురు.

చదువరులారా, చేసిన పాపము చెప్పుకొన్న పోవునని మన పెద్దలు చెప్పుదురు. పాపము పోవునో పోదో మే మెఱుగము. పుచ్చుకొన్న ధనము విషము మాత్రము చెప్పుకొనుటచే చాలవఱకు విఱుగును. అయితే ఓటు వేసిన పిమ్మట న్యాయస్థానములో చెప్పుట గాదు. ఓటు వేయకముందు వీథిలో చెప్పవలయును. మీ గుమ్మమునకు ఓటడుగ వచ్చినవానిని మర్యాదగా కూర్చుండబెట్టి మంచినీరిచ్చి, వాని యిల్లాలి సంగతి యడుగుటకు ముందు, వాని ఖర్చు భరించుచున్నవా డెవడని యడుగుడు.