పాతకారు ఒరుగుట

పాతకారు గల యిండ్లలో కొండదారి ప్రయాణము తలపెట్టినంతనే యొక మాట పుట్టుచుండును. “బండి మలుపులలో మిక్కిలి యొరుగుచున్నది. స్టెబిలైజర్ బారు వేయింపవలెను, గట్టి కమానులు వేయింపవలెను” అని కుమారుడో మఱదియో పట్టుపట్టును. షెడ్డులోని మేస్త్రీ తల యూపును. వ్యయమెంతయో తేలిన పిమ్మట గదా మనలను పిలుతురు! ఆ బండి వెనుకసీటులో కూర్చుండువారము తఱచుగా మనమే. మనతోపాటు ముసలి యత్తగారు, గర్భవతియగు కోడలు, ఒడిలో పసిబిడ్డ. కావున నీ విషయమును కొంత తెలిసికొని మాటాడుట మేలు.

అంబాసిడరునే యుదాహరణముగా గైకొందము. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ననుసరించి నిర్మింపబడిన యీ బండి పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున 2014 వఱకు తయారైనది. నేటికిని దానిని విడువనొల్లని కుటుంబములు కలవు. వెనుక ఇరుసుపై బరువును మోయునవి కమాను పట్టీలు, అనగా ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన ఉక్కు పలకలు. ముందు చక్రములకు చిరకాలము వాడినది టార్షన్ బారు. అది మెలిపడి మరల విప్పుకొను ఉక్కు కడ్డీ. మనము పిండిన తడిబట్ట మెలిపడినట్లే యుండిపోవును. ఉక్కు తన పూర్వస్థితికి వచ్చుటకై పెనగులాడును. ఆ పెనగులాటయే బండిని మోయుచున్నది.

స్టెబిలైజర్ బారును నట్టి కడ్డీయే గాని దాని పని వేఱు. అది బరువు మోయదు. కుడి చక్రమునకు నెడమ చక్రమునకు నడుమ నడ్డముగా నుండి, రెండును గూడి యెగసినపు డూరకుండును. మలుపులో నొక ప్రక్క క్రుంగి మఱియొక ప్రక్క లేచినపుడు మాత్రము మెలిపడి యా యొరుగుటను అడ్డగించును. దాని బిగువు లావును బట్టి యాశ్చర్యకరముగా పెరుగును. 20 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు అదే పొడవు, అదే ఆకారము గల 22 మిల్లీమీటర్ల కడ్డీ వేసినచో బిగువు నూటికి 46 వంతులు హెచ్చును. 24 మిల్లీమీటర్లదైనచో రెండింతలు దాటును. “రెండు మిల్లీమీటర్లే గదమ్మా” యని మేస్త్రీ పలికినపు డీ లెక్కను జ్ఞప్తికి దెచ్చుకొనుడు.

లాభము లేకపోలేదు. బండి యటునిటు తూగుట తగ్గినచో వెనుకసీటువారికి కొంత సుఖము. కాని యొరుగుట తగ్గినంత మాత్రమున మలుపులో మనలను ప్రక్కకు త్రోయు బలము తగ్గదు. అది వేగమును బట్టి యుండును. గంటకు 40 కిలోమీటర్ల వేగమును 30కి దించినచో అదే మలుపులో నా త్రోపు నూటికి 56 వంతులకు దిగును. ఏ కడ్డీయు నింతపని చేయజాలదు. దీనికి కాసు వ్యయమును లేదు. పైగా నొరుగుట నడుపువానికి బండి చేయు హెచ్చరిక. ఆ హెచ్చరిక మాసినచో కుఱ్ఱవారు వేగము పెంతురేగాని తగ్గింపరు. 1944లో ఏర్పడిన తిరుమల మొదటి ఘాటురోడ్డు నేడు కొండ దిగువారి దారి. అందలి మలుపుల యెడ నీ మాట మఱువరాదు.

నష్టములును గలవు. లావుకడ్డీ వేసినచో నొక చక్రము గుంటలో పడిన కుదుపు రెండవ ప్రక్కకును ప్రాకును. ధర్మరాజు రథము, అశ్వత్థామ విషయమున నా మాట పలుకువఱకు, భూమికి నాలుగంగుళములు పైగా నడచినదని భారతము చెప్పుచున్నది. అట్టి రథమునకు గుంటల బాధ లేదు. మన బండికి తప్పదు. ఇక ముందును విడిచి వెనుక మాత్రమే లావుబారు బిగించినచో తడిరోడ్డుపై మలుపులో బండి తోక బయటికి జాఱు ప్రమాదము హెచ్చును. ఇది నా కన్నిటికంటె భయము గొలుపు విషయము.

ఇంతకును పాతబండి యొరుగుటకు కారణము తఱచుగా బారు లేకపోవుట కాదు, ఉన్న భాగములు అరుగుట. దీనిని మనమే పరీక్షింపవచ్చును. బండి నిలిచియుండగా నొక మూలను చేతులతో బలముగా నొక్కి విడువుడు. ఒకమారు లేచి కుదురుకొనినచో మంచిది. రెండు మూడు మార్లు ఊగినచో షాక్ అబ్సార్బరు పని తీఱినది. దాని యొడలిపై నూనె కాఱిన జాడయును జూడుడు. సమతలమున నిలిపినను బండి యొకప్రక్కకు వాలియున్నచో కమాను గాని టార్షన్ బారు గాని క్రుంగినదనుట. గతుకులలో టకటక చప్పుడైనచో రబ్బరు బుష్షులు అరిగియుండవచ్చును. ఇవి స్వల్పములే గాని, అరిగిన బుష్షుల నడుమ క్రొత్తబారు వేయుట వదులైన మూకుడు పిడికి బంగారుపూత పూయించుటవంటిది.

కమానుకు మఱియొక పట్టీ చేర్చుట మేస్త్రీలకు మిక్కిలి ప్రియము. బరువు మోయునపుడది బాగుగనే యుండును. ఇద్దఱే యెక్కిన దినమున మాత్రము నడుము విఱుగును. ముందుగా పట్టీల త్రుప్పును దీయించి, విఱిగినదేమైన నున్నదో చూపించుకొనుడు. టార్షన్ బార్లు విప్పినచో కుడిదానిని ఎడమకు మార్పక యథాస్థానముననే బిగింపవలెనని చెప్పుడు. పిమ్మట చక్రముల అలైన్‌మెంటు సరిచేయింపవలెను. పైకప్పు కారియరుపై బియ్యపుమూటలు, పెట్టెలు కట్టుట మానుడు. ఎత్తున నున్న బరువే బండిని మఱింత యొరగజేయును. అవి డిక్కీలో నుండదగినవి.

ఇన్నియు సరిచేసిన పిమ్మటను బారు వలయునని తోచినచో, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము తయారీదారుల వివరములకు భిన్నమైన మార్పులను నిషేధించుచున్నదని యెఱిగి, రవాణా కార్యాలయమునను భీమావారివద్దను ముందే విచారింపుడు. బిగించిన తరువాత నింటివారందఱిని, సామానుతో సహా, ఎక్కించి తెలిసిన దారిలో మెల్లగా నడిపించి చూడుడు. ఖాళీబండితో చేసిన పరీక్ష మనకు పనికిరాదు.