ఉమ్మడి వనం

అడవి అనగానే తెలుగు పాఠకుని మనస్సులో మెదిలేవి పురాణాలలోని దండకారణ్యం, నల్లమల కొండలు, లోయలు, పులుల అడుగుజాడలు. అడవికి పోవడమంటే ఊరిని విడిచి మనుష్య సంచారం లేని చోటికి పోవడమే. ఇంగ్లండులోని వనం అటువంటిది కాదు. అది ఊరి అంచుననే ఉంటుంది. తీరికగా నడిచినా ఒకటి రెండు గంటలలో ఒక కొస నుండి మరొక కొసకు చేరవచ్చు. ఒకవైపు గోధుమ చేలు, మరొకవైపు గొర్రెలు మేసే పచ్చిక బయళ్ళు, చేనికీ చేనికీ నడుమ ముళ్ళపొదల దడులు, దూరంగా చర్చి శిఖరం. వీటి మధ్య ఆ వనం ఒదిగి ఉంటుంది. క్రూరమృగాల భయం లేదు. నేడు అచ్చటికి వచ్చేవారిలో ఎక్కువమంది కొంతసేపు నిశ్శబ్దంగా నడిచి, మనస్సును తేలికపరచుకొని పోవడానికే వస్తారు. ఆ నిశ్శబ్దం ప్రకృతి దానంతట అదే ఇచ్చిన వరమని చూసినవారికి తోస్తుంది. కాని ఆ వనాల చరిత్ర వేరొక సంగతి చెబుతుంది. అచ్చటి ప్రశాంతత మనుష్యుల శ్రమ వలన, చట్టం వలన, సందర్శకుల సంయమనం వలన నిలిచిన ఉమ్మడి సొత్తు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా అది నిలువదు.

ఇందుకు బర్న్‌హామ్ బీచెస్ అనే వనం చక్కని నిదర్శనం. ఇది లండను నగరానికి పడమట, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, బకింగ్‌హామ్‌షైర్ ప్రాంతంలో ఉన్నది. పేరులోని ‘బీచ్’ అనే మాటకు సముద్రతీరంతో సంబంధం లేదు. నున్నని బూడిదరంగు బెరడు, దట్టమైన నీడ గల ఒక వృక్షజాతి పేరది. లండను నగర కార్పొరేషన్ సంరక్షణలో ఉన్న వనభాగం 220 హెక్టార్లు, అనగా సుమారు 540 ఎకరాలు. నల్లమలతో పోల్చి చూస్తే ఇది ఒక తోపు వంటిది. ఐనప్పటికీ వసంతంలో లేత ఆకుల గుండా పచ్చని వెలుగు నేలపై పరచుకొన్నప్పుడు, శరత్కాలంలో రాగిరంగు ఆకులు దారుల నిండా రాలినప్పుడు దాని సొగసు చూడదగినది. దీనికి కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న స్టోక్ పోజెస్ గ్రామ చర్చి ఆవరణలో ఆంగ్లకవి థామస్ గ్రే సమాధి ఉన్నది. ఆయన యువకుడుగా ఉన్నప్పుడే, 1737లో, ఈ వృక్షాలను గురించి తన మిత్రుడు హొరేస్ వాల్పోల్‌కు లేఖ వ్రాసినాడు. అనగా ఈ వనంలో నడిచి ఆనందించడం దాదాపు మూడు శతాబ్దాలుగా సాగుతున్న అలవాటు.

ఇక్కడి ముసలి చెట్ల ఆకారం విచిత్రంగా ఉంటుంది. పొట్టిగా, లావుగా, బుడిపెలతో నిండిన మాను. దాని తలపై ఒకేచోట నుండి పైకి లేచిన అనేక కొమ్మలు. ఇది ప్రకృతి తీర్చిన రూపం కాదు. పూర్వం చుట్టుపట్ల గ్రామాలవారు వంటచెరకు కోసం ఈ చెట్లను మొదలంటా నరకక, మనిషి తలకు మించిన ఎత్తులో కొమ్మలను మాత్రమే కొట్టుకొనేవారు. క్రింద మేసే పశువులకు కొత్త చిగుళ్ళు అందకుండా ఉండడానికి ఆ ఎత్తును పాటించేవారు. కొన్నేండ్లకు కొమ్మలు మళ్ళీ పెరిగేవి, మళ్ళీ కొట్టేవారు. మామూలుగా రెండు మూడు వందల ఏండ్లు బ్రతికే బీచ్ వృక్షం ఈ పద్ధతి వలన నాలుగు వందల ఏండ్లకు పైగా కూడ నిలిచినది. కట్టెలు కొట్టిన గొడ్డలే చెట్టుకు దీర్ఘాయువును ఇచ్చినది. తరువాత బొగ్గు వాడుక పెరిగి, కట్టెలకు గిరాకీ తగ్గి, పందొమ్మిదవ శతాబ్దంలో కొమ్మలు కొట్టే పని ఆగిపోయినది. అప్పటి నుండి కొమ్మలు మోయలేనంత బరువెక్కి, గుల్లబారిన మానులు చీలిపోసాగినాయి. నేడు వనపాలకులు ఆ పనిని మళ్ళీ చేపట్టినారు. ఒక్కసారిగా కొమ్మలన్నీ కొడితే ముసలి చెట్టు తట్టుకోలేదు. అందువలన కొద్ది కొద్దిగా, ఏండ్ల తరబడి భారాన్ని తగ్గిస్తున్నారు. పశువులను, పొట్టిజాతి గుర్రాలను తిరిగి మేపుతున్నారు. తొర్రలలో గబ్బిలాలు, పుచ్చిన కలపలో అరుదైన పురుగులు, శిలీంధ్రాలు బ్రతుకుతున్నాయి. సందర్శకుడు అడవి స్వభావమని భావించే దాని వెనుక ఇంతటి మానవశ్రమ దాగి ఉన్నది.

శ్రమ ఒక్కటే ఈ వనాన్ని కాపాడలేదు. 1879లో ఈ భూమి అమ్మకానికి వచ్చినది. సంపన్నుల భవనాల నిర్మాణానికి అనువైన స్థలమని ప్రకటన వెలువడినది. ఫ్రాన్సిస్ జార్జ్ హీత్ అనే ప్రకృతి ప్రేమికుడు దీనిని వ్యతిరేకించి, వనాన్ని ప్రజలకు దక్కించవలెనని ఉద్యమించినాడు. అంతకు ముందు సంవత్సరమే, 1878లో, లండనుకు 25 మైళ్ళ లోపల ఉన్న బయళ్ళను ప్రజల విహారానికై సేకరించే అధికారాన్ని పార్లమెంటు నగర కార్పొరేషన్‌కు ఇచ్చినది. దాని ఆధారంగా 1880లో కార్పొరేషన్ ఈ వనాన్ని కొన్నది. అదే 1878లో లండనుకు ఈశాన్యంగా ఉన్న ఎపింగ్ అడవికి కూడ ప్రత్యేక చట్టం వచ్చినది. దానిని కంచెలు వేసి ఆక్రమించకుండా, ప్రజల విహారానికై ఎల్లకాలం తెరచి ఉంచవలెనని ఆ చట్టం ఆదేశించినది. ఐతే దానికొక మూల్యం కూడ ఉన్నది. లౌటన్ గ్రామస్థులకు అక్కడ తరతరాలుగా ఉన్న కొమ్మలు కొట్టుకొనే హక్కు రద్దయినది. బదులుగా ఇచ్చిన పరిహారంతో 1884లో ఊరికొక సభాభవనం వెలసినది. నగరవాసి విహారం కోసం పల్లె పేదవాడు తన వంటచెరకును వదులుకొన్నాడన్న సంగతిని మరువరాదు.

వనాల చుట్టూ ఉన్న పల్లెసీమకు కూడ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఇంగ్లండు, వేల్సులలో ప్రజలు నడిచే హక్కు గల దారుల మొత్తం పొడవు సుమారు 2,25,000 కిలోమీటర్లు. వీటిలో ఎక్కువ భాగం ప్రైవేటు భూముల గుండానే పోతుంది. రైతు తన చేనిని దున్నుకొన్నా, దారిని మళ్ళీ నడవదగినట్లుగా చేయవలెను. దడులు అడ్డువచ్చిన చోట దాటడానికి చిన్న మెట్లో, ద్వారమో ఉంటుంది. నడిచేవాడు తెరచిన ద్వారాన్ని తిరిగి మూయవలెను. ఈ హక్కులు కూడ ఊరకే రాలేదు. 1932లో కిండర్ స్కౌట్ అనే కొండ ప్రాంతంలోనికి వందలాది మంది శ్రామిక యువకులు, యజమానుల నిషేధాన్ని ధిక్కరించి, నడిచి ప్రవేశించినారు. వారిలో ఐదుగురు జైలుపాలైనారు. 1949 నాటి చట్టం ప్రజల దారులను పటాలలో నమోదు చేయించినది. 2000 సంవత్సరపు చట్టం కొండలు, బీళ్ళు, ఉమ్మడి భూములలో స్వేచ్ఛగా తిరిగే హక్కును ఇచ్చినది. అది నేటికీ చాలా వనాలకు వర్తించదు. ఆ పోరాటం ఇంకా ముగియలేదు.

ఈ చరిత్ర చదివే తెలుగువారికి మరొక చరిత్ర తప్పక గుర్తుకు రావలెను. లండను ప్రజల కోసం బర్న్‌హామ్ వనాన్ని కొన్న రెండేండ్లకే, 1882లో, ఆంగ్ల ప్రభుత్వం మద్రాసు అటవీ చట్టాన్ని తెచ్చినది. దాని వలన మన్యంలో పోడు వ్యవసాయానికి, పశువుల మేతకు, కట్టెల సేకరణకు అడ్డంకులు ఏర్పడినాయి. పల్నాటి రైతులు పుల్లరి చెల్లించడానికి నిరాకరించి ఉద్యమించగా, 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలియైనాడు. అదే సంవత్సరం అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో రంప పోరాటం మొదలైనది. అడవిబిడ్డల హక్కులను గుర్తించే చట్టం భారతదేశంలో 2006లో గాని రాలేదు. స్వదేశంలో అడవిని ప్రజల ఉమ్మడి సొత్తుగా చూసిన పాలకులే పరాయిదేశంలో దానిని ఖజానా సొత్తుగా చూసినారు. అందువలన ఇంగ్లండు వనాలను మెచ్చుకోవలసినది వాటి పాలకులను చూచి కాదు. వాటి కోసం గొంతెత్తిన సామాన్యులను, నేటికీ వాటిని కనిపెట్టి ఉన్నవారిని చూచి.

ఇక మూడవది సంయమనం. ఏటా లక్షలాది మంది బర్న్‌హామ్ వనానికి వస్తారు. బీచ్ వృక్షాల వేళ్ళు నేలకు దగ్గరగానే వ్యాపిస్తాయి. అనేక పాదాలు త్రొక్కిన నేల గట్టిపడి, వేళ్ళకు గాలి, నీరు అందవు. ఒకప్పుడు వనం లోపలి దారులలో కార్లు తిరిగేవి. నేడు ఆ దారులలో చాలావాటిని కార్లకు మూసివేసినారు. 2014 నుండి కుక్కలను వెంట తెచ్చేవారికి కూడ నియమాలు పెట్టినారు. కొన్ని చోట్ల వాటిని గొలుసు విప్పి వదలరాదు. పైగా 2022 జూలైలో ఇంగ్లండులో ఉష్ణోగ్రత మొదటిసారిగా 40 డిగ్రీలు దాటినది. అనావృష్టిని అంతగా ఓర్వలేని ఈ వృక్షాలకు అటువంటి వేసవులు గండంగా పరిణమిస్తున్నాయి.

ఈ నియమాలను చూచి కొందరు రెండు విధాలుగా ఆక్షేపిస్తారు. ప్రజల సొత్తు ఐనప్పుడు ప్రజలకే నిషేధాలు ఎందుకని ఒక వాదం. సొత్తు ఒక్కరిదైతే దానిని పాడుచేసినవాడు తన నష్టాన్నే కొనితెచ్చుకొంటాడు. అందరిదైతే ఒకని అజాగ్రత్త అందరికీ నష్టం. ఒకడు చేసిన గోల వందమంది పోగొట్టుకొన్న నిశ్శబ్దమవుతుంది. కాబట్టి ఉమ్మడి సొత్తుకే నియమాలు ఎక్కువ అవసరం. మనుష్యులను పూర్తిగా దూరంగా ఉంచితేనే అడవి బాగుపడుతుందని రెండవ వాదం. కొన్ని అడవుల విషయంలో అది నిజం కావచ్చును. కాని ఇక్కడి ముసలి చెట్లు మనిషి చేతి పనితోనే ఇన్నేండ్లు నిలిచినాయి. ఆ చేయి ఆగినప్పుడే కూలసాగినాయి. అంతేకాక, ప్రజలు ఎన్నడూ చూడని వనం అమ్మకానికి వచ్చిన నాడు దాని పక్షాన మాటాడేవారు ఉండరు. 1879లో ఈ వనం దక్కినదంటే, దానిలో నడిచి దానిని ప్రేమించినవారు ఉన్నందువలననే.

విద్య కోసం, ఉద్యోగం కోసం ఇంగ్లండుకు పోయే తెలుగు యువకులు ఎందరో ఉన్నారు. వారు ఇటువంటి వనంలో ఒక పూట నడిచినప్పుడు దాని అందాన్ని ఛాయాచిత్రాలలో తెచ్చుకోవడం సహజం. అంతకంటె విలువైనది అక్కడి అలవాటును తెచ్చుకోవడం. ఊరి చెరువుగట్టు, గుడి వెనుక తోపు, పట్టణంలో మిగిలిన చిన్న గుట్ట కూడ ఉమ్మడి సొత్తులే. వాటిని కాపాడడానికి గొప్ప అరణ్యం కానక్కరలేదు. వాటి మీద హక్కు తమదని తెలిసినవారు, ఆ హక్కుతోపాటు వచ్చే బాధ్యతను మోయగలవారు ఊరికి కొందరు ఉంటే చాలు.