స్కోపు కొనే ముందు మర లెక్క

ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్న మన పిల్లకాయలకి సంఘం డబ్బుతో స్కోపు కొనిద్దామని గ్రూపులో మాట నడుస్తోంది. ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని అందరూ అడుగుతున్నారు. టరెట్ సంగతి ఒక్కరూ అడగలేదు.

టరెట్లంటే స్కోపు నడుమ ఉండే తిప్పుడు మరలు. పైనున్నది గురిని ఎత్తడానికీ దించడానికీ, కుడి పక్కది ఎడమకీ కుడికీ జరపడానికి. తిప్పితే టక్ టక్‌మని క్లిక్ పడుతుంది. ఒక్కో క్లిక్కుకి ఎంత జరుగుతుందో మర మీదే రాసుంటుంది. చాలా స్కోపుల్లో అది పావు ఎం.ఓ.ఏ. ఎం.ఓ.ఏ. అంటే డిగ్రీలో 60వ వంతు, 100 గజాల దగ్గర అంగుళానికి కాస్త ఎక్కువ. మన పిల్లలు కాల్చేది 10 మీటర్లలో. అక్కడ ఒక క్లిక్కుకి 0.73 మిల్లీమీటరు. పోటీ కార్డులో నడిమి పది చుక్క వెడల్పు అర మిల్లీమీటరే! ఒక్క క్లిక్కే చుక్కని దాటేస్తుంది. గుమాస్తాగా బతికినవాణ్ణి, ఈ లెక్క చూశాక నాకు నిద్ర పట్టలేదు.

మర మీద బాణం గుర్తు గుండు ఎటు పోవాలో చెబుతుంది. గుండు కింద పడితే పైకి తిప్పాలి. కొత్తవాళ్లు ఇక్కడే తికమక పడతారు.

బయటికి కనిపించే పెద్ద టరెట్లు, సున్నా దగ్గర ఆగే ఏర్పాటు, ఇవన్నీ దూరం మారినప్పుడల్లా తిప్పేవాళ్లకి. ఎప్పుడూ 10 మీటర్లే కాల్చేవాళ్లకి మూత ఉన్న మర చాలు. దానికి మించి ఇచ్చే డబ్బు దండగ. పైగా చాలా స్కోపుల అద్దాలు 100 గజాలకి సరిచేసి వస్తాయి, 10 మీటర్లలో మసకగా కనిపిస్తాయి.

అసలు మాట ఇది: ఒలింపిక్స్‌లో ఉండే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో దుర్భిణి స్కోపుకి అనుమతే లేదు. చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటే. 50 మీటర్ల రైఫిల్‌లోనూ అంతే. మన రైల్వే మనిషి, అప్పట్లో సెంట్రల్ రైల్వే టికెట్ కలెక్టర్‌గా ఉన్న స్వప్నిల్ కుశాలే 2024లో పారిస్‌లో కంచు పతకం తెచ్చింది స్కోపు లేకుండానే. పీప్ సైటుకీ ఇవే రెండు మరలు, ఇవే క్లిక్కులు, ఇంకా సన్నంగా.

కాబట్టి నా ఓటు స్కోపుకి లేదు. ఆ డబ్బుని పెల్లెట్లకీ, రేంజి ఫీజుకీ పెట్టండి.

అయినా కొనాలని కమిటీ అనుకుంటే, దుకాణంలోనే సొమ్ము కట్టేయకండి. ముందు కోచ్ చేత పరీక్ష చేయించండి: ఒకే చుక్కకి గురిపెట్టి, 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి తిప్పుతూ ఒక్కోసారి కాల్చాలి. చివరి గుండు మొదటి రంధ్రం దగ్గరికి తిరిగి రావాలి. రాకపోతే తిరిగిచ్చేయండి, అద్దం ఎంత తళతళలాడినా సరే. వచ్చే కూటంలో దీని మీద మాట్లాడదాం.