డ్రైవరు లేదన్నది ఎవరి తప్పు?

ఛత్రినాకలో డ్రైవరు అంటే ఆటో నడిపే మనిషి. కంప్యూటరు లోపల కూడా డ్రైవరు ఒకడుంటాడనీ, వాడు పనిలోకి రాకపోతే నిక్షేపంలాంటి యంత్రం కూడా కదలదనీ మా వీధి జిరాక్సు దుకాణదారుకు 2025లో తెలిసివచ్చింది. ఆ అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. ఆయన పాత కంప్యూటరును విండోస్ 11 అంగీకరించలేదు. అప్పు చేసి కొత్తది కొన్నాడు. కొత్తదానిలో ఆయన స్కానరు పలకలేదు.

“డ్రైవరే దొరుకుతలేదంటున్నరన్నా. స్కానరు పారేసి కొత్తది కొనుక్కొమ్మని చెప్పిన్రు,” అన్నాడు నాతో.

దీపం వెలుగుతోంది, అద్దం మీద ఒక్క గీత లేదు. ఆ స్కానరు చేసిన నేరమల్లా ఎక్స్‌పీ కాలంలో పుట్టడమే. దాని తయారీదారు 32 బిట్ల డ్రైవరు రాసి అంతటితో చేతులు దులుపుకున్నాడు. పాత కంప్యూటరులో 32 బిట్ల విండోస్ ఉండేది గనుక ఇన్నాళ్ళూ గడిచింది. విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. 64 బిట్ల విండోస్ 32 బిట్ల డ్రైవరును గడప దాటనివ్వదు.

విండోస్ వద్దన్న ఆ పాత పెట్టెలోనే నేను డెబియన్ 12 స్థాపించి, స్కానరు తగిలించాను. సీడీ అడగలేదు. లినక్సులో స్కానర్ల కోసం ‘సేన్’ అనే డ్రైవర్ల సముదాయం ఉంది. అందులో ఈ నమూనా పేరూ ఉంది. ఎవరో, ఎక్కడో తన బల్ల మీది స్కానరు కోసం రాసుకున్న కోడు ఇప్పుడు ఛత్రినాకలో ఆధార్ కార్డులను స్కాను చేస్తోంది.

ఇక్కడితో ఆపితే మన లినక్సు మిత్రులు చప్పట్లు కొడతారు. ఆపను. అదే దుకాణంలో వేలిముద్ర పరికరం ఒకటి ఉంది. దానికి తయారీదారు ఇచ్చినవి విండోస్, ఆండ్రాయిడ్ డ్రైవర్లే. లినక్సులో అది ఉత్త బొమ్మ. జీవన ధ్రువపత్రం కోసం వచ్చిన పింఛనుదారు కొత్త కంప్యూటరు ముందే కూర్చోవాలి. ఆ ఇరుకు దుకాణంలో ఇప్పుడు రెండు కంప్యూటర్లు, రెండు వ్యవస్థలు.

“లినక్సులో డ్రైవర్లుండవు” అనేవారితో నా మొదటి పేచీ. అయ్యా, ఎక్స్‌పీ స్థాపించేటప్పుడు సాటా డిస్కు కనబడక ఎఫ్6 నొక్కి ఫ్లాపీ పెట్టిన రోజులు మరిచారా? 2007లో విస్టా వచ్చినప్పుడు మూగబోయిన ప్రింటర్లను మరిచారా? నేటికీ కొన్ని ల్యాప్‌టాపులలో విండోస్ 11ను సొంతంగా స్థాపించబోతే, ఇంటెల్ స్టోరేజి డ్రైవరును పెన్‌డ్రైవులో విడిగా అందిస్తే తప్ప డిస్కు కనబడదు. అమ్మేవాళ్ళు ముందే ఎక్కించి ఇస్తారు గనుక విండోసులో అన్నీ ఉన్నాయనుకుంటాం. వడ్డించిన విస్తరినీ, మనం పొయ్యి రాజేసి చేసుకున్న వంటనూ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

“తప్పంతా విండోసుది” అనే మనవాళ్ళతో రెండవ పేచీ. వైఫై రాక, ఎన్‌డిస్‌వ్రాపర్ పెట్టి విండోస్ డ్రైవరునే లినక్సులో నడిపించుకున్న రాత్రులను ఎందుకు దాస్తాం? స్వేచ్ఛాయుతం కాని ఫర్మ్‌వేరును డెబియన్ తన అధికారిక స్థాపక సీడీలో చాలాకాలం చేర్చలేదు. నెట్టు కావాలంటే ఫర్మ్‌వేరు కావాలి, ఫర్మ్‌వేరు కావాలంటే నెట్టు కావాలి. 2022లో ఓటింగు పెట్టుకొని, 2023లో డెబియన్ 12 తెచ్చాక గాని ఆ చిక్కు వదలలేదు. కొత్తవాడెవడైనా “వైఫై రావట్లేదండీ” అంటే “ముందు డాక్యుమెంటేషను చదువు” అని కసిరినవాళ్ళం మనమే.

నా దృష్టిలో అసలు ప్రశ్న, డ్రైవరు మూలం ఎవరి చేతిలో ఉందన్నది. లినక్సు కెర్నెలులో చేరిన డ్రైవరు మూలం కెర్నెలుతో పాటే ఉంటుంది; లోపలి అమరిక మార్చినవారే దాని మీద ఆధారపడిన డ్రైవర్లనూ సరిచేస్తారు. అందుకే తయారీదారు మరిచిన పరికరాలు కూడా ఏళ్ళ తరబడి బతుకుతాయి. అదే లినక్సులో, మూలం ఇవ్వకుండా ఎన్విడియా అందించిన పాత గ్రాఫిక్సు డ్రైవర్లు, ఆ సంస్థ వదిలేశాక కొత్త కెర్నెళ్ళతో పొసగలేదు. 2022 మేలో ఆ సంస్థ కెర్నెలు భాగపు మూలాన్ని విడుదల చేసింది గాని అది పాత కార్డులకు పనికిరాదు. వాటికి దిక్కు ఇతరులు రాసిన ‘నూవో’ డ్రైవరే. లినక్సు అన్న పేరొక్కటే ఏ పరికరాన్నీ కాపాడదు.

ఈ తగవు పాతదే. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్సు సంస్థ ఒక లేజరు ప్రింటరు ఇచ్చింది. కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురందేలా దాని సాఫ్టువేరును మార్చుదామని రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నాడు. మూలం ఇచ్చేవారు లేకపోయారు. 1983లో ఆయన ప్రకటించిన గ్నూ వెనుక ఆ చేదు కూడా ఉంది.

మన తప్పూ ఒకటుంది. ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ వెతుక్కున్న తరం మనది. తెర మీద తెలుగు కోసం కొట్లాడాం. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనబడే వ్యవస్థనే తయారుచేసింది. సంతోషమే. కానీ మెనూలో “ముద్రించు” అని ముచ్చటగా ఉండి, నొక్కితే ప్రింటరు కదలకపోతే ఆ తెలుగు దుకాణదారుకు ఏం అక్కర? ఖతుల గురించి వాదించినంతగా డ్రైవర్ల గురించి మనం వాదించలేదు.

2015లో భారత ప్రభుత్వం తన కార్యాలయాలలో ఓపెన్ సోర్సు సాఫ్టువేరుకు ప్రాధాన్యమివ్వాలని విధానం ప్రకటించింది. ప్రభుత్వ సొమ్ముతో పరికరం కొన్నప్పుడూ ఒక షరతు ఉండాలి. మద్దతు ఆపిన రోజున డ్రైవరు మూలాన్నో, కనీసం ఆ పరికరంతో మాట్లాడే పద్ధతినో బయటపెడతానని తయారీదారు రాసివ్వాలి. రాసివ్వనివాడి టెండరు తెరవకూడదు. సికింద్రాబాదు చీనాయ్ ట్రేడ్ సెంటరులో ధర అడిగిన తరువాత మనమూ అడగవలసిన రెండో ప్రశ్న ఇదే.

కొత్త స్కానరుకని ఆయన తీసిపెట్టిన డబ్బు కంప్యూటరు అప్పు వాయిదాకు పోయింది. మీ అటక మీద “డ్రైవరు లేదు” అని పడేసిన పరికరమేదైనా ఉంటే, అమ్మేముందు ఒకసారి దించి లినక్సులో తగిలించి చూడండి. పనిచేస్తే నమూనా పేరుతో సహా రాయండి. పనిచెయ్యకపోతే అదీ దాచకుండా రాయండి.